కలుపుటయు, దిద్దుటయు



చిత్తూరు, తిరుపతి ప్రాంతములందు చెఱకు, వేరుసెనగ పండించు పెద్దలకు నేను గణితవిద్యను గూర్చి చెప్పబూనుట వింతగా దోపవచ్చును. కాని దీని మూలభావము మీ పొలములయందే కలదు.

మేలైనదానిని వెదకుటకు రెండు మార్గములు కలవు. చేతనున్నదానినే కొంచెము కొంచెముగా దిద్దుకొనుట మొదటిది. 1940లో తిండివనమునుండి వెలువడిన టి.యం.వి. 2 వేరుసెనగ యిట్టిది. మన పొరుగుననున్న గుడియాత్తపు రకములో మేలైన మొక్కల నేరి దానిని సాధించిరి. రాయలసీమ రైతు దశాబ్దముల తరబడి దానిని నమ్ముకొనెను.

దూరపు జాతులను గలుపుట రెండవది. 1912లో కోయంబత్తూరున చెఱకు సంకర కేంద్రము వెలసెను. అచ్చట బార్బరు దొరయు, టి. యస్. వెంకటరామన్ గారును తీయని చెఱకును ఏటిగట్టున మొలచు రెల్లుతో సంకరము గావించిరి. 1918లో వెలువడిన కో. 205 ఆ కృషికి ఫలము. రెల్లున తీపి లేకున్నను మొండితనము కలదు. చెఱకునే యెంత దిద్దినను ఆ గుణ మబ్బెడిది కాదు. అయితే సంకరపు మొలకలలో పెక్కులు పనికిరావు. కావున కలిపినవారే మరల నేరవలెను.

ఇక గణితము మాట. పది యూళ్లను ఒక్కొక్కసారి చుట్టిరావలసిన బండికి 36,28,800 క్రమములు సాధ్యము. ఊళ్లు పెరిగినకొలది అన్నిటిని పరీక్షించుట కంప్యూటరునకును అలవి కాదు. 1975లో మిచిగాన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ హాలండు, రెండు పరిష్కారములను తల్లిదండ్రులుగా నెంచి, వాని భాగములను గలిపి పిల్లలను బుట్టించు జన్యు పద్ధతిని గ్రంథస్థము గావించెను. 1989లో పాబ్లో మొస్కాటో, పుట్టిన ప్రతి పిల్లను దానిచోటనే దిద్ది, పిమ్మట సంకరమునకు బంపు పద్ధతిని వివరించి, మీమెటిక్ అని పేరిడెను.

మంచు గప్పిన శేషాచలమున నొకనిని విడిచి, మీదికే నడువుమన్నచో, దాపుననున్న గుట్టనెక్కి అదియే శిఖరమనుకొనును. పలువురను పలుచోట్ల విడిచి, తామెఱిగిన త్రోవలను ఒండొరులకు దెలుపుకొని మరల నెక్కుమన్నచో, ఎత్తైన శిఖరము చిక్కుట కవకాశము హెచ్చు. అయినను నిశ్చయము లేదు. అందఱును ప్రతి గుట్టను తుదిముట్ట నెక్కుచుండినచో ప్రొద్దంతయు నందే గడచును. అందఱు నొక్క గుట్టమీదనే చేరినచో కలుపుటకు వేఱు త్రోవ యుండదు. ఎప్పుడు దిద్దవలెను, ఎప్పుడు కలుపవలెను అను వివేకమే యీ విద్యకు ప్రాణము.

మన సేద్యమునకును ఇదియే నీతి. ఊరంతయు నొకే విత్తనము నాటి, దానినే దిద్దుకొనుచుండినచో నేటి దిగుబడి పెరుగవచ్చును. కొత్త తెగులు వచ్చిననాడు కలుపుటకు వేఱొక రక మేది? పాత విత్తనమును పారవేయువాడు, మనుమల కాలపు సంకరమునకు తల్లిని పారవేయుచున్నాడు. గాదెలో నొక మూల దానికి చోటుంచుడని పెద్దలకు నా మనవి.