మేజర్ రామస్వామి పరమేశ్వరన్

మేజర్ రామస్వామి పరమేశ్వరన్ (1946 సెప్టెంబర్ 13 – 1987 నవంబర్ 25) మహార్ రెజిమెంటు 8వ బెటాలియన్‌కు చెందిన భారత సైనికాధికారి. శ్రీలంకలోని జాఫ్నా ద్వీపకల్పంలో తమిళ పులులు (ఎల్టీటీఈ) కాచిన మాటును ఛేదిస్తూ ప్రాణాలు విడిచారు. మరణానంతరం ఆయనకు పరమవీరచక్ర ప్రకటించారు. శ్రీలంకలో దాదాపు మూడేళ్లు ఉన్న భారత శాంతి పరిరక్షక దళానికి (ఐపీకేఎఫ్) దక్కిన పరమవీరచక్ర ఇదొక్కటే. మహార్ రెజిమెంటుకూ ఇదొక్కటే. దేశంలోపల తిరుగుబాటుదారులతో పోరాడి నేలకొరిగిన సైనికులకు సాధారణంగా అశోకచక్ర, కీర్తిచక్ర వంటి పతకాలు ఇస్తారు. పరాయి గడ్డమీద, గెరిల్లాలతో జరిగిన పోరులో పరమవీరచక్ర పొందడం చాలా అరుదు.

పరమేశ్వరన్ బొంబాయిలో స్థిరపడిన తమిళ కుటుంబంలో పుట్టారు. సౌత్ ఇండియన్ ఎడ్యుకేషన్ సొసైటీ హైస్కూల్లో, ఆ సంస్థ కళాశాలలోనే చదువుకుని 1968లో సైన్సు పట్టా అందుకున్నారు. 1971లో మద్రాసులోని ఆఫీసర్స్ ట్రెయినింగ్ స్కూల్లో చేరారు. 1972 జూన్ 16న మహార్ రెజిమెంటు 15వ బెటాలియన్‌లో అధికారి అయ్యారు. అక్కడ ఎనిమిదేళ్లు పనిచేశారు. ఈశాన్య రాష్ట్రాల్లో తిరుగుబాటుదారులను ఎదుర్కొన్న అనుభవం ఆయనకుంది. అడవిలో గాలింపు, రాత్రి నడక, ఎటునుంచి తూటా వస్తుందో తెలియని యుద్ధం ఆయనకు శ్రీలంకలో కొత్తగా ఎదురైనవి కావు.

మహార్ రెజిమెంటు చరిత్ర తెలిస్తే ఈ పతకం బరువు ఇంకొంత తెలుస్తుంది. ఒకప్పుడు బొంబాయి సైన్యంలో పెద్ద సంఖ్యలో ఉన్న మహార్‌లను బ్రిటిష్‌వారు పందొమ్మిదో శతాబ్దం చివర్లో సైన్యానికి దూరం పెట్టారు. వారిని మళ్లీ చేర్చుకోవాలని పట్టుబట్టినవారిలో సుబేదార్ కొడుకైన డాక్టర్ అంబేద్కర్ ముఖ్యులు. 1941లో రెజిమెంటు ఏర్పడింది. తర్వాతి కాలంలో అన్ని ప్రాంతాల, కులాల వారికీ అందులో చోటు దక్కింది. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి సైన్యాధిపతి అయిన జనరల్ కె.వి. కృష్ణారావు ఈ రెజిమెంటువారే. శ్రీలంకకు దళాలు వెళ్లినప్పుడు సైన్యాధిపతిగా ఉన్న జనరల్ సుందర్జీ కూడా ఇందులోంచి వచ్చినవారే.

శాంతి కోసం వెళ్లి యుద్ధంలోకి

1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనె కొలంబోలో ఒప్పందంపై సంతకాలు చేశారు. తమిళ సాయుధ సంస్థలు ఆయుధాలు అప్పగించాలి, ఉత్తర, తూర్పు రాష్ట్రాలను కలపాలి, అమలును భారత సైన్యం చూసుకోవాలి. మర్నాడే, జూలై 30న, 8వ మహార్ బెటాలియన్‌తో పాటు పరమేశ్వరన్ లంకలో దిగారు. ముందుగా వెళ్లినది సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజన్. జాఫ్నా జనం మొదట్లో మన జవాన్లకు పూలదండలు వేశారు.

ఆ ఆదరణ రెండు నెలలు నిలిచింది. ఒప్పందం పులుల అధినేత ప్రభాకరన్‌కు మనసా ఇష్టం లేదు. ఆయుధాల అప్పగింత నామమాత్రంగా సాగింది. సెప్టెంబర్ 26న నిరాహారదీక్షలో పులుల నాయకుల్లో ఒకడైన తిలీపన్ మరణించాడు. అక్టోబర్ 5న, శ్రీలంక నౌకాదళానికి పట్టుబడిన పులుల్లో పన్నెండు మంది సయనైడ్ మింగి చనిపోయారు. ఆ వారంలోనే సంధి తెగింది. అక్టోబర్ 10 నాటికి ‘ఆపరేషన్ పవన్’ మొదలైంది. జాఫ్నా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో హెలికాప్టర్లలో దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ దళంలో 29 మంది హతులయ్యారు. ఎల్టీటీఈ యోధుల్లో కొందరు అంతకుముందు భారతదేశంలోనే శిక్షణ పొందినవారు. మన జవాన్లకు ఆ ఊళ్లు కొత్త, వాళ్లకు ప్రతి సందూ, ప్రతి తాటితోపూ తెలిసినది. అక్టోబర్ చివరికి జాఫ్నా పట్టణం మన చేతికి వచ్చినా, పులులు పల్లెల్లోకి జారుకుని మాటుగాసి కొట్టే పద్ధతికి మారారు.

కందరోడై

కందరోడై జాఫ్నాకు ఉత్తరాన, ఉడువిల్ దగ్గరి పల్లె. ప్రాచీన బౌద్ధ స్తూపాలకు పేరున్న చోటు. అక్కడ ఒక ఇంట్లో ఆయుధాలు దించుతున్నారని నవంబర్ 24న కబురు అందింది. వెళ్లిన గస్తీ దళంపై కాల్పులు జరిగాయి. పరమేశ్వరన్ తన దళంతో అక్కడికి చేరి గాలించారు. 25న, తిరిగి వస్తుండగా, చీకట్లో పులులు దళాన్ని మాటుగాసి కొట్టారు.

మాటులో చిక్కిన దళం నేలకు కరుచుకుని ఎదురుకాల్పులు జరపడమే సాధారణంగా జరిగేది. మాటుగాసినవాడు కోరుకునేదీ అదే, ఎందుకంటే స్థలం అతడు ఎంచుకున్నది. పరమేశ్వరన్ అలా ఆగలేదు. చుట్టూ తిరిగి, మాటుగాసినవారి వెనకవైపుకు చేరి, మీద విరుచుకుపడ్డారు. పులులు దీన్ని ఊహించలేదు. చేతులు కలిసేంత దగ్గరి పోరు జరిగింది. ఒక తీవ్రవాది ఆయన ఛాతీపై కాల్చాడు. పరమేశ్వరన్ అతని చేతిలోని తుపాకీనే లాక్కుని అతన్ని కాల్చి చంపారు. ఒళ్లంతా రక్తమవుతున్నా ఊపిరి ఉన్నంతవరకూ తన జవాన్లకు ఆదేశాలిస్తూనే ఉన్నారు. ఐదుగురు తీవ్రవాదులు చనిపోయారు. మూడు రైఫిళ్లు, రెండు రాకెట్ లాంచర్లు దొరికాయి. మాటు చెదిరిపోయింది. ఆయన వయసు 41.

లెక్కకు ఇది చిన్న పోరాటమే. ఏ పట్టణమూ చేతులు మారలేదు, ఏ కొండా దక్కలేదు. అయితే ఆ క్షణంలో ఆయన తీసుకున్న నిర్ణయమే దళాన్ని కాపాడింది, సైన్యం గుర్తించింది దాన్నే. 1971 యుద్ధం తర్వాత మళ్లీ పరమవీరచక్ర దక్కినది 1987 నాటి సాహసాలకే: సియాచిన్‌లో పోరాడిన బాణాసింగ్‌కు, శ్రీలంకలో పరమేశ్వరన్‌కు.

పతకం తర్వాత

బాణాసింగ్‌నూ, ఆ తర్వాతి కార్గిల్ వీరులనూ దేశం గుర్తుపెట్టుకున్నంతగా పరమేశ్వరన్‌ను గుర్తుపెట్టుకోలేదు. తప్పు ఆయనది కాదు, ఆ యుద్ధానిది. నాలుగు డివిజన్లు పాల్గొని, సుమారు 1,200 మంది జవాన్లను పోగొట్టుకుని, 1990 మార్చిలో దళాలు వెనుదిరిగాయి. మద్రాసు రేవులో వాటికి స్వాగతం పలకడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని ఎల్టీటీఈ హత్య చేసింది. ఎవరికి వారు మరచిపోదామనుకున్న ఆ అధ్యాయంలో, దాన్ని రాసినవారి పొరపాట్లతో సంబంధం లేని సైనికులు కూడా మరుగునపడ్డారు. ఇది అన్యాయం. సైనికుడు యుద్ధాన్ని ఎంచుకోడు, పంపిన చోట తన మనుషులను కాపాడతాడు.

ఐపీకేఎఫ్ అమరులకు స్మారకం కొలంబో శివార్లలో, శ్రీలంక పార్లమెంటు ఉన్న కోట్టె ప్రాంతంలో ఉంది. 2015 మార్చిలో ప్రధాని నరేంద్ర మోదీ అక్కడ నివాళి అర్పించారు. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకాన్ని 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించారు. అందులోని పరమయోధ స్థలంలో మిగతా పరమవీరచక్ర గ్రహీతలతో పాటు పరమేశ్వరన్ ప్రతిమ ఉంది. 2023 జనవరి 23న అండమాన్ నికోబార్‌లో అప్పటిదాకా పేరులేని 21 దీవులకు 21 మంది పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టినప్పుడు, ఒక దీవికి ఆయన పేరు వచ్చింది.