జంట ముద్ర: లోపం అచ్చుదా, దెబ్బదా?

1969లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో ముద్రితమైన కొన్ని లింకన్ సెంట్లను అమెరికా సీక్రెట్ సర్వీస్ దొంగనాణేలుగా భావించి స్వాధీనం చేసుకొంది. వాటి మీద తేదీ, అక్షరాలు జంటగా పడి ఉన్నాయి. అటువంటి నకిలీ సెంట్లను అప్పట్లో ఇద్దరు తయారుచేసి ఉండటంతో అనుమానం అసలువాటి మీదికీ పాకింది. అవి టంకశాల నాణేలేనని తరువాత తేలింది. నేడు వాటి ధర వేల డాలర్లలో పలుకుతుంది. అదే ఏడాది, అదే టంకశాలలో, మరో కారణంగా జంట ముద్ర పడిన సెంట్లు మాత్రం దాదాపు సెంటు విలువే చేస్తాయి.

వైద్యుణ్ణి కనుక ఈ తేడా నాకు పరిచితమైనదిగానే తోచింది. మొదటిది పుట్టుకతో వచ్చిన లోపం, రెండవది దెబ్బ.

ఉబ్బెత్తు బొమ్మ గల హబ్‌ను మెత్తని ఉక్కు మీద ఒత్తి నాణెపు అచ్చును తయారుచేసేవారు. ఒక్క ఒత్తుతో బొమ్మ పూర్తిగా దిగేది కాదు. పైగా ఒత్తిడికి ఉక్కు గట్టిపడేది. దానిని కాల్చి మెత్తబరచి మళ్ళీ హబ్ కింద పెట్టేవారు. రెండవసారి అది వెంట్రుకవాసి తిరిగినా అచ్చులో రెండు బొమ్మలు నిలిచిపోతాయి. ఆ అచ్చు కొట్టిన ప్రతి నాణెమూ అదే జంటను మోస్తుంది. 1955లో ఫిలడెల్ఫియాలో జరిగింది ఇదే. తప్పు బయటపడేసరికి ఆ సెంట్లు మంచివాటితో కలిసిపోయాయి. అన్నిటినీ కరిగించడం ఎందుకని వదిలేయగా 20,000కు పైగా జనంలోకి వెళ్ళాయి. కొన్ని సిగరెట్ పెట్టెలలో చిల్లరగా కూడా దొరికాయి!

రెండవ రకంలో అచ్చుకు ఏ దోషమూ లేదు. యంత్రంలో వదులైన అచ్చు, దెబ్బ పడిన క్షణంలో కదిలి, అప్పుడే లేచిన అక్షరపు అంచును నొక్కేస్తుంది. అందువల్ల జంటగా కనిపించేది చదునైన మెట్టులా ఉంటుంది, అసలు అక్షరం సన్నబడుతుంది. అచ్చు లోపంలో అలా కాదు: రెండు ముద్రలూ గుండ్రంగా, నిండుగా లేచి, అక్షరం లావెక్కి, దాని కొనలు చీలినట్లుంటాయి. భూతద్దం కింద నేను మొదట చూసేది ఆ చీలికనే.

1969 సెంటుకు మరో గట్టి పరీక్ష ఉంది. టంకశాలను సూచించే ‘ఎస్’ గుర్తును, హబ్ పని ముగిశాక, అచ్చులో విడిగా పొడిచేవారు. కనుక అసలు లోపమున్న సెంటు మీద తేదీ జంటగా ఉన్నా ‘ఎస్’ ఒంటరిగానే ఉండాలి. అది కూడా తేదీలాగే పక్కకు జరిగి కనిపిస్తే యంత్రపు కదలికనే అనుమానించాలి. 1990 నుంచి సెంటు మీది గుర్తును మూల అచ్చులోనే చేర్చారు. ఆ తరువాతి నాణేలకు ఈ పరీక్ష చెల్లదు.