డప్పు అడుగు, రేల వలయం: ఆట అందరిది, డప్పు మోత ఒక్కరిదేనా?

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్తుంటే పొలాలు పలచబడి అడవి చిక్కబడుతుంది. దాంతోపాటు జనం ఆడే ఆటా మారుతుంది. మైదాన పల్లెల్లో డప్పు, కోయ గూడేల్లో కొమ్ము, రేల. వీటికి వేదిక అక్కర్లేదు, టికెట్టు లేదు. చూడవచ్చినవాళ్లే ఆడేవాళ్లవుతారు. వీటి ఆకర్షణ అక్కడే ఉంది. అయితే ఆటలో అందరూ కలిసినంత మాత్రాన అందరికీ ఒకే గౌరవం దక్కుతోందా అన్నదే మా ప్రశ్న.

కొమ్ము, రేల

అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు అమర్చిన తలపాగాతో, మెడలో పెద్ద డోలుతో కోయ పురుషులు ఆడేది కొమ్ము ఆట. కోయ భాషలో పెర్మకోక్ ఆట అంటారు. స్త్రీలు చేతులు పెనవేసుకుని రేల పాట పాడుతూ వలయంగా కదులుతారు. రేల అన్న మాట పాటలో మళ్లీ మళ్లీ వస్తుంది. విత్తులు చల్లేముందు వచ్చే భూమి పండుగకు, కొత్త పంట ఇంటికొచ్చే కొత్తల పండుగకు, పెళ్లిళ్లకు ఈ ఆట ఉంటుంది. పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. వలయంలో దూరితే అడుగు అదే వస్తుంది.

డప్పు

గుండ్రటి చెక్క చట్రానికి మేకతోలు బిగిస్తే డప్పు. కుడిచేతిలో పొట్టి సిర్రా, ఎడమచేతిలో సన్నని చిటికెన పుల్ల. వాయించేముందు మంట మీద కాస్తే తోలు బిగిసి మోత ఖంగుమంటుంది. వాయించేవాళ్లే వంగి, తిరిగి, ఎగిరి అడుగు వేస్తారు. తోలు పని చేసి డప్పును తయారుచేసిందీ, దరువులు కట్టిందీ మాదిగలు. ఊరు మాత్రం దాన్ని కళగా కాక వెట్టిగా చూసింది. చావుకు, జాతరకు, చాటింపుకు పిలిస్తే వెళ్లి తీరాలి. చేతిలో పడేది పిడికెడు గింజలో, మిగిలిన అన్నమో. అందుకే చాలా ఊళ్లలో మాదిగలు చావు డప్పు కొట్టబోమన్నారు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవ గుర్తుగా భుజానికెత్తుకుంది.

తీన్మార్

ఇవాళ బరాత్‌లో కుర్రకారు ఎగిరేది తీన్మార్‌కే. పేరుకు అర్థం మూడు దెబ్బలు. దీని మూలం హైదరాబాద్ మర్ఫాలో ఉంది. నిజాం కొలువులో సైనికులుగా ఉన్న ఆఫ్రికా మూలాల సిద్దీలు, యెమెన్ అరబ్బులు ఆ వాద్యాన్ని తెచ్చారు. బ్యాండు మేళాలు, డప్పు బృందాలు ఆ దెబ్బను అందుకుని పల్లెలకు చేర్చాయి. అడుగులు నేర్చుకునే పని లేదు. సిగ్గు విడిస్తే చాలు, ఎవరైనా ఆడొచ్చు.

వలయం వరుసైనప్పుడు

పెళ్లి ఊరేగింపులో అన్ని కులాలవాళ్లూ డప్పుకు ఆడతారు. భోజనాల దగ్గరికొచ్చేసరికి వాయించినవాళ్లకు చోటు ఎక్కడ? ప్రభుత్వ సభలకు కొమ్ము కళాకారుల్ని పిలిచి నాయకుల ముందు నడిపిస్తారు. తమ పండుగలో వలయంగా ఆడేవాళ్లు అక్కడ స్వాగతం పలికే వరుస అవుతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథ చెప్పేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. ఒకరికి దక్కిన గౌరవం గూడెంలో మిగిలిన డోలు కళాకారుల బతుకును మార్చదు.

డప్పుది ఇంకో చిక్కు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా, దాన్ని ఆనుకున్న ఎటపాక 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. అక్కడ డప్పు కళాకారులకు ప్రత్యేక పింఛను ఉంది, 2024 నుంచి నెలకు రూ. 4,000. తెలంగాణలో 2014లో మొదలైన ఆసరా జాబితాలో చేనేత, గీత కార్మికులున్నారు, డప్పు కళాకారులు లేరు. ఒకే దరువు, ఒకే వృత్తి. మధ్యలో ఒక సరిహద్దు గీత.

ఈ ఆటలు బతకాలంటే ఉత్సవాలు ఒక్కటే సరిపోవు. డప్పు బృందాన్ని పిలిచేవాళ్లు కూలి ముందే మాట్లాడుకోవాలి, అందరితోపాటు బంతిలో కూర్చోబెట్టాలి. తెలంగాణ డప్పు కళాకారులకు పింఛను ఇవ్వాలి. డప్పుకు ఆడిన ప్రతి ఒక్కరూ ఆ డిమాండుకు గొంతు కలపాలని మేము కోరుతున్నాం.