వినుకొండ వినిపించుకోని పద్యం

ఆకలి తర్వాత మనిషిని అంతగా బాధపెట్టేది ‘అక్కర్లేదు’ అనే మాటేనేమో! అందులోనూ మనసుపడ్డ పని అడిగి కాదనిపించుకోవడం మరీ కష్టం. బ్యాంకు ఉద్యోగం రాకపోతే ‘పేపరు కష్టంగా వచ్చింది’ అని సరిపెట్టుకుంటాం. పాడతాననో, రాస్తాననో, బొమ్మలు వేస్తాననో వెళ్ళిన చోట వద్దంటే మాత్రం మన మార్కుల్ని కాదు, మనల్నే వద్దన్నట్టుంటుంది.

నా మొదటి నవల మూడు చోట్ల నుంచి తిరిగొచ్చింది. “పోనీలేమ్మా, కాగితాలన్నా వెనక్కిచ్చారు, మంచివాళ్ళే” అని మా అత్తగారు ఓదార్చారు. నవ్వాలో ఏడవాలో తెలియని ఆ రోజుల్లో నాకు ధైర్యం చెప్పింది పల్నాటి కవి గుర్రం జాషువా జీవితం.

వినుకొండ పేరుకో కథ ఉంది. సీతమ్మను ఎత్తుకుపోయారన్న వార్త రాముడు విన్న కొండ కాబట్టి అది వినుకొండ అయిందంటారు. ఆ కొండ నీడనే 1895 సెప్టెంబరు 28న జాషువా పుట్టారు. తండ్రి వీరయ్య యాదవులు, తల్లి లింగమ్మ మాదిగ ఇంటి ఆడపడుచు. ఆ పెళ్ళి వల్ల బిడ్డకు అటూ ఇటూ కాకుండా పోయింది. ఊరు ‘అంటరానివాడు’ అంది. క్రైస్తవుడై ఉండి పురాణాలు, కావ్యాలు చదువుతాడేమిటని తోటి క్రైస్తవులు దూరం పెట్టారు.

వినుకొండలో ఒకసారి అవధాన సభ జరిగింది. పద్యమంటే ప్రాణమిచ్చే ఈ యువకుడు వెళ్ళి తన పద్యాలు చదివాడు. ఆ రోజుల్లో కవి కాదలచుకున్నవాడికి సభే ఇంటర్వ్యూ. అక్కడ మెప్పు పొందితే సంస్థానాల దాకా దారి పడేది. పద్యంలో యతి తప్పిందనో, ప్రాస కుదరలేదనో అంటే దిద్దుకునేవాడే. కానీ కొందరు లేచి, ఇతన్ని లోపలికి ఎవరు రానిచ్చారని అడిగారు!

ఇది జరిగింది ఏ గడ్డమీదో చూడండి. పన్నెండో శతాబ్దంలోనే మాచెర్ల బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని, మాల కన్నమదాసుని కొడుకుగా చూసుకుని సేనాపతిని చేశాడని పల్నాడంతా పాడుకునే గడ్డ మీద! పాట నిలిచింది, చాపే చుట్టేశారు.

కాదనడం రెండు రకాలని నాకు అప్పుడే అర్థమైంది. పని చూసి కాదనడం ఒకటి, మనిషిని చూసి కాదనడం ఇంకొకటి. మొదటిదానికి మందుంది, మళ్ళీ కూర్చుని బాగా రాయడమే. రెండోదానికి మన దగ్గర మందు లేదు. ఆ జబ్బు అవతలివాళ్ళది. మనం మాత్రం రెండిటినీ ఒకే గాటన కట్టి, రాత్రంతా కుమిలిపోతాం.

జాషువా ఆ పొరపాటు చెయ్యలేదు. ముందు కడుపు సంగతి చూసుకున్నారు. 1910లో మేరీతో పెళ్ళయింది. మిషను బడిలో నెలకు 3 రూపాయల జీతం. ఆ 3 రూపాయలతో ఆవిడ ఇల్లెలా నడిపిందో గాని, మహాకవుల చరిత్రల్లో ఇల్లాలికి దొరికేది ఒక్క వాక్యమే. ఆ బడి పని కూడా పోతే రాజమండ్రి వెళ్ళి, 1915–16లో మూకీ సినిమాలకు వాచకుడుగా కుదిరారు. తెర మీద బొమ్మ కదులుతుంటే కథా, మాటలూ ఈయన చదవాలి. సభలో మాట్లాడనివ్వని గొంతు చీకట్లో మూగబొమ్మలకు మాటలిచ్చింది! తర్వాత గుంటూరులో ఉపాధ్యాయుడయ్యారు. 1928 నుంచి 1942 దాకా అక్కడే తెలుగు పండితుడుగా పనిచేశారు.

రాత మాత్రం ఒక్కనాడూ మానలేదు. 1932లో తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదలై తెర మీద బొమ్మలు తెలుగు మాట్లాడడం మొదలుపెట్టాయి. ఒకప్పుడు వాటికి గొంతిచ్చిన మనిషి అదే ఏడాది ‘పిరదౌసి’ కావ్యం తెచ్చారు. గజనీ మహమ్మదు బంగారం ఇస్తానన్నాడని ఏళ్ళ తరబడి ‘షానామా’ రాసి, చివరికి వెండి చేత పెట్టించుకున్న పారశీక కవి కథ అది. ఎక్కడి తూస్ నగరం, ఎక్కడి వినుకొండ! సాటి కవికి జరిగిన అవమానం వెయ్యేళ్ళ అవతలిదైనా ఆయనకు కొత్తగా తోచి ఉండదు.

1941లో ‘గబ్బిలం’ వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపితే, ఈయన అంటరాని నాయకుడు గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి మొర పంపుతాడు. తను అడుగుపెట్టలేని గుళ్ళోకి గబ్బిలం వెళ్ళగలదు కదా! గుమ్మం బయట నిలబడ్డవాడికే తట్టగల ఊహ అది.

అంతమాత్రాన ‘కాదనిపించుకోవడం మంచిదే’ అని నేననను. అవమానం ఎవరికీ మేలు చెయ్యదు. ఆ సభలో చాప పరిచి ఉంటే ఇంకెన్ని కావ్యాలు వచ్చేవో! తర్వాత కాలంలో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి వంటి మహాపండితుడు స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాత పదవి 1957లో, అరవై దాటాక దొరికింది. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. మర్నాటి ఏడే, 1971 జులై 24న, గుంటూరులో కన్నుమూశారు. గౌరవాలన్నీ వచ్చాయి, ఆలస్యంగా వచ్చాయి.

పారశీకంలో ఒక కథ చెబుతారు. సుల్తాను మనసు మారి బంగారం పంపితే, అది ఊళ్ళోకి వచ్చే వేళకు పిరదౌసి శవం ఇంకో ద్వారం గుండా వెళుతోందట. ఆయన కూతురు ఆ బంగారం ముట్టుకోలేదట.

‘పిరదౌసి’ వచ్చిన 1932లోనే జాషువా ఇంట కూతురు హేమలత పుట్టింది. ఆవిడే తర్వాత హేమలతా లవణం. స్టూవర్టుపురంలో దొంగలన్న ముద్రపడిన కుటుంబాల మధ్యకు వెళ్ళింది, జోగినుల విముక్తి కోసం పాటుపడింది. 2008లో కన్నుమూసేదాకా లోకం ‘అక్కర్లేదు’ అన్నవాళ్ళ గుమ్మాలే వెతుక్కుంటూ వెళ్ళింది. తండ్రికి పరవని చాప కూతురు పరిచింది.