విదేశాంగ మేధో సంస్థలు: సప్రూ హౌస్ నుంచి నేటి ఇంటర్న్‌షిప్ దాకా

విదేశాంగ రంగంలో ఉద్యోగం అనగానే మనకు గుర్తొచ్చేది ఐఎఫ్ఎస్ ఒక్కటే. ఏటా ఆ సర్వీసుకు వచ్చే ఖాళీలు పదుల సంఖ్యలోనే ఉంటాయి. కానీ ప్రపంచాన్ని మన దేశం ఎలా చూడాలో ఆలోచించే పని విదేశాంగ శాఖలో మాత్రమే జరగదు. థింక్ ట్యాంకులు, అంటే మేధో సంస్థలూ ఆ పని చేస్తాయి. వీటి చరిత్ర తెలిస్తే మెయిన్స్ జవాబుకు సరుకు దొరుకుతుంది. అక్కడ ఇంటర్న్‌షిప్‌కో ఉద్యోగానికో దరఖాస్తు చేసే ముందు ఏం అడగాలో కూడా తెలుస్తుంది. ఈ చరిత్రను ఒక ప్రశ్నతో చదవండి: ఆలోచించేవారికి జీతం ఎవరిస్తారు?

మన చూపు మనకు కావాలి

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1920లో లండన్‌లో చాథమ్ హౌస్, 1921లో న్యూయార్క్‌లో కౌన్సిల్ ఆన్ ఫారిన్ రిలేషన్స్ ఏర్పడ్డాయి. 1936లో చాథమ్ హౌస్‌కు అనుబంధంగా మన దేశంలోనూ ఒక సంస్థ వెలిసింది. పరాయి పాలనలో ఉన్న దేశానికి ప్రపంచం గురించి సొంత అభిప్రాయం ఉండాలంటే అది సరిపోదని కొందరు భావించారు. తేజ్ బహదూర్ సప్రూ, హృదయనాథ్ కుంజ్రూ వంటివారు 1943లో ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్‌ను ప్రభుత్వేతర సంఘంగా స్థాపించారు. 1945లో 'ఇండియా క్వార్టర్లీ' పత్రిక మొదలైంది.

స్వాతంత్ర్యానికి అయిదు నెలల ముందు, 1947 మార్చి 23 నుంచి ఏప్రిల్ 2 వరకు ఢిల్లీ పురానా ఖిల్లాలో ఆసియా సంబంధాల సదస్సు జరిగింది. నెహ్రూ దానికి ప్రేరకుడు. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు అధ్యక్షురాలు. కానీ నిర్వహించింది ప్రభుత్వం కాదు, ఈ కౌన్సిలే. ఇది పరీక్షకు ముఖ్యమైన అంశం. స్వతంత్రం రాని దేశాల ప్రతినిధులను కూడా ఒకచోట కూర్చోబెట్టడానికి అనధికార వేదిక అనువుగా ఉంటుంది. జాతీయోద్యమాలు, వలసలు, ఆర్థికాభివృద్ధి, మహిళల స్థితి వంటి అంశాలపై ముందే పత్రాలు సిద్ధం చేశారు. ఉపన్యాసాలు చరిత్రకెక్కాయి. పత్రాలు రాసిన పరిశోధకులు మాత్రం చాలావరకు మరుగున ఉండిపోయారు.

కౌన్సిల్‌ను నడిపిన ఎ. అప్పాదొరై 1955లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్‌కు తొలి డైరెక్టర్ అయ్యారు. సప్రూ హౌస్‌లో మొదలైన ఆ స్కూలు 1970లో జేఎన్‌యూలో కలిసింది.

నిధులు, స్వేచ్ఛ

1962 చైనా యుద్ధం మరో లోటును బయటపెట్టింది: భద్రతపై నిలకడగా అధ్యయనం చేసేవారు లేరు. 1965 నవంబరులో రక్షణ శాఖ నిధులతో ఐడీఎస్ఏ వచ్చింది. దీన్నే ఇప్పుడు మనోహర్ పారికర్ పేరుతో పిలుస్తున్నారు. దానికి రెండుసార్లు డైరెక్టర్‌గా పనిచేసిన కె. సుబ్రహ్మణ్యం, 1971 తూర్పు బెంగాల్ సంక్షోభంలో భారత్ జోక్యం చేసుకోవాలని బహిరంగంగా వాదించారు. 1999లో కార్గిల్ సమీక్షా సంఘానికి అధ్యక్షత వహించారు. ప్రభుత్వ సొమ్ము తీసుకున్నంత మాత్రాన నోరు మూతపడాల్సిన పని లేదని ఈ ఉదాహరణ చెబుతుంది.

రెండో వైపు కూడా చూడండి. ప్రభుత్వేతర సంఘంగా పుట్టిన కౌన్సిల్, నిర్వహణ వివాదాలు ముదిరాక, 2001 చట్టంతో జాతీయ ప్రాధాన్యమున్న సంస్థగా మారింది. ఉపరాష్ట్రపతి దానికి హోదా రీత్యా అధ్యక్షులు. 1990లో రిలయన్స్ తోడ్పాటుతో అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్ మొదలైంది. 1973లో పుట్టిన సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్‌కు విదేశీ నిధులు అందుకునే అనుమతిని 2023లో నిలిపివేసి, 2024లో రద్దు చేశారు. ప్రభుత్వం, కార్పొరేట్, విదేశీ దాత: ఎవరి సొమ్ము తీసుకున్నా దానికో ముడి ఉంటుంది. ఆ ముడి బిగిస్తే ముందుగా ఊగేది కొత్తగా చేరిన పరిశోధకుల కొలువులే.

మీరు చేరితే ఏం చేస్తారు?

ఇంటర్న్‌కు అప్పగించే పని పెద్ద వ్యూహరచన కాదు. ఒప్పందాల మూలప్రతులు చదవడం, పార్లమెంటు ప్రశ్నోత్తరాలు వెతకడం, సంఘటనల కాలక్రమం తయారు చేయడం, సెమినార్‌లో నోట్స్ రాయడం వంటివి. అదృష్టం ఉంటే మీ పేరుతో చిన్న వ్యాసం వస్తుంది. జీఎస్-2కు, వ్యాస పత్రానికి ఇంతకంటే మంచి సాధన దొరకదు.

అసలు చిక్కు డబ్బు దగ్గరే వస్తుంది. భృతి లేని ఇంటర్న్‌షిప్ అంటే ఢిల్లీలో గది అద్దె, తిండి ఖర్చు ఇంటివాళ్లు భరించాలి. అది అందరికీ సాధ్యం కాదు. అప్పుడు దేశం తరఫున ఆలోచించే గదిలో కొన్ని కుటుంబాల పిల్లలే మిగులుతారు. విదేశాంగ శాఖ 2022 ఇంటర్న్‌షిప్ విధానంలో నెలకు 10,000 రూపాయల భృతి, ఢిల్లీకి రానుపోను విమాన ఛార్జీ, ఆకాంక్షిత జిల్లాల అభ్యర్థులకు ప్రాధాన్యం ఉండటానికి విలువ ఇందుకే. దరఖాస్తుకు ముందు రెండు సంగతులు తప్పక అడగండి: భృతి ఎంత? రాసినదానిపై పేరు ఎవరిది?

మన ప్రాంతం నుంచి వెళ్లేవారికీ బలాలున్నాయి. హైదరాబాద్ ఇఫ్లూలో చైనీస్, అరబిక్, పర్షియన్ నేర్చుకోవచ్చు. నమూనా వ్యాసం అడిగితే అందరూ రాసే ఇండో-పసిఫిక్ మీదే రాయనక్కర్లేదు. కోరంగి, కాకినాడ రేవుల నుంచి 'రంగం' వెళ్లిన తెలుగు కూలీల చరిత్రను నేటి భారత్-మయన్మార్ సంబంధాలతో కలిపి రాయండి. 1947 సదస్సు చర్చించిన వలసల అంశం అదే కదా.

సాధన ప్రశ్న: "విదేశాంగ విధాన రూపకల్పనలో మేధో సంస్థల స్వతంత్రత వాటి నిధుల మూలంపైనే ఆధారపడి ఉంటుంది." చర్చించండి. (250 పదాలు)

జవాబులో 1943, 1965, 2001 సంవత్సరాలను మూడు మెట్లుగా వాడండి. సుబ్రహ్మణ్యం ఉదాహరణతో ప్రతివాదం చూపండి. ముగింపులో నిధులు ఎవరివన్న దానితో పాటు, ఆ గదిలోకి ఎవరు రాగలుగుతున్నారన్నదీ ప్రస్తావించండి.