అయిదున్నర చెప్పి మూడుముప్పావు

2024 జులై. సూరత్ పర్వత్ పాటియాలో రెండు గదుల ఇల్లు. బాపు రాత్రి పాళీ దిగి వచ్చేసరికి కొడుకు క్యాలెండర్ వెనక లెక్కలు వేస్తున్నాడు. (ఇల్లూ, ఇంట్లో మాటలూ మా ఊహ. అంకెలు మాత్రం నిజం.)

"గవర్నమెంటు కాలేజే అంటివి గదరా, అయిదున్నర లక్షలేంది?"

"గవర్నమెంటుదే బాపూ. కని సొసైటీ పేరు మీద నడుస్తది."

ఆ సొసైటీ జీఎంఈఆర్ఎస్. పెట్టింది గుజరాత్ ప్రభుత్వమే. వల్సాడ్, నవ్‌సారీ సహా 13 మెడికల్ కాలేజీలు దానివి. అయినా ఫీజు మాత్రం సర్కారు కాలేజీది కాదు. ఆ ఏడాది ఏటా కట్టే ఫీజుని ప్రభుత్వ కోటాకి 3.30 లక్షల నుంచి 5.50 లక్షలకీ, మేనేజ్‌మెంట్ కోటాకి 9.07 నుంచి 17 లక్షలకీ పెంచారు.

సిరిసిల్ల నుంచి వచ్చి సాంచాల మీద బతికే మనిషికి కోటాల గొడవెందుకు? "స్కాలర్‌షిప్పు పోను మనం ఎంత కట్టాలె?" అన్నాడు బాపు, చెవిలో నూలు పీచు దులుపుకుంటూ.

మెలికంతా అక్కడే. ముఖ్యమంత్రి యువ స్వావలంబన్ యోజన ట్యూషన్ ఫీజులో సగమో, 2 లక్షలో, ఏది తక్కువైతే అదే ఇస్తుంది. పాత ఫీజుకైతే ఇంటి వాటా 1.65 లక్షలు. ఫీజు అయిదున్నరైతే సాయం రెండు దగ్గరే ఆగిపోతుంది, మూడున్నర ఇంటి మీద పడుతుంది. రెట్టింపుకి పైమాటే!

"మూడున్నరకి ఎన్ని మీటర్లు నెయ్యాలె?"

"నేసేది నువ్వు, లెక్క మమ్ముల అడుగుతవా?" వంటింట్లోంచి అమ్మ.

సీట్ల బేరం తెలుగువాళ్లకి కొత్తదేం కాదు. 1992లో ప్రైవేటు మెడికల్ కాలేజీల అనుమతులను హైకోర్టు తప్పుపట్టాకే నేదురుమల్లి జనార్దనరెడ్డి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. అక్కడివి ప్రైవేటు కాలేజీలు, ఇక్కడ సర్కారు చేతిలోనివే.

గుజరాత్‌లో విద్యార్థులూ తల్లిదండ్రులూ రోడ్డెక్కారు. జులై 16న ప్రభుత్వం దిగివచ్చింది: ప్రభుత్వ కోటాకి 3.75, మేనేజ్‌మెంట్‌కి 12 లక్షలు. పోరాడకపోతే ఆ కాస్తా తగ్గేది కాదు, నిజమే. కానీ ఇది సూరత్ రింగ్ రోడ్డు చీరల బేరమే: అయిదున్నర చెప్పి మూడుముప్పావుకిస్తే, నిన్నటి ధర మూడు ముప్పై అన్నది కొన్నవాడికి గుర్తుండదు.

కొడుక్కి గుర్తుంది. "మన వాటా 1,87,500 బాపూ. పాతదానికన్నా 22,500 ఎక్కువ."

"కోర్సు అయ్యేదాంక ఇంతే ఉంటదా? మల్ల పెంచుతరా?"

"ఎవ్వలు చెప్తలేరు."

"అయితే పా, అడుగుదాం. కాయితం మీద రాసియ్యమందాం."