సాలూరులో కాలనీ పక్కన కమర్షియల్ స్థలం కొంటున్నారా? అడ్వాన్స్‌కు ముందు ఇవి చూడండి

'సాలూరు హైవేకి దగ్గర్లో, శరవేగంగా పెరుగుతున్న కాలనీని ఆనుకుని కమర్షియల్ బిట్. షాపులకు, గోడౌన్‌కు అనుకూలం. త్వరపడండి'. ఇలాంటి మెసేజ్ మీ వాట్సాప్‌కీ వచ్చి ఉండొచ్చు. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేస్తూ, సొంతూరి వైపు ఏదైనా కొనాలనుకునేవారికి ఆశ పుట్టించే మాటలే ఇవి. ధర గజాల్లో చెబుతారు, స్థలం సెంట్లలో చూపిస్తారు. సెంటు అంటే 48.4 గజాలు. బేరం మొదలుపెట్టే ముందు రెండూ ఒకే లెక్కలోకి తెచ్చుకోండి.

సాలూరులో వ్యాపార స్థలానికి గిరాకీ ఉండటంలో వింతేమీ లేదు. ఒడిశాలోని కోరాపుట్ నుంచి సుంకి ఘాట్ దిగి విజయనగరం వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి (పాత 43) ఈ ఊరి మీదుగానే వెళ్తుంది. లారీలకు పేరున్న పట్టణం కాబట్టి గ్యారేజీలు, టైర్ల షాపులు, స్పేర్ పార్టులు, హోటళ్లు ఆ రోడ్డును నమ్ముకునే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో సాలూరు విజయనగరం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. పాత పత్రాల్లో విజయనగరం జిల్లా అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. కంగారు పడాల్సిన విషయం వేరే ఉంది.

ముందు తేలాల్సింది: ఆ భూమి మీరు కొనొచ్చా?

సాలూరు మండలంలో మైదాన గ్రామాలు ఉన్నాయి, కొండ వైపు షెడ్యూల్డ్ ప్రాంతంలోకి వచ్చే గ్రామాలూ ఉన్నాయి. షెడ్యూల్డ్ గ్రామాల్లో 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు వర్తిస్తాయి. 1970లో చేసిన సవరణ తర్వాత అందరూ దీన్ని 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటున్నారు. దీని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలోని స్థిరాస్తిని గిరిజనులకు, లేదా పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న రిజిస్టర్డ్ సహకార సంఘానికి తప్ప ఎవరికి బదిలీ చేసినా చెల్లదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. గిరిజనుడి దగ్గర కొంటేనే తప్పు, గిరిజనేతరుడి దగ్గర కొంటే ఫర్వాలేదు అనుకుంటారు. చట్టం అలా లేదు. అమ్మేవారు గిరిజనేతరులైనా, కొనేది గిరిజనేతరులైతే ఆ అమ్మకం చెల్లదు. పైగా షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి అంతకుముందు గిరిజనులదేనని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత ఆ గిరిజనేతరులదే. ఈ సవరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది. తరతరాలుగా అప్పుల కింద, తెల్లకాగితాల మీద భూమి పోగొట్టుకున్న ఆదివాసీలకు మిగిలిన రక్షణ ఇదే. కొనేవారికి అడ్డంకిగా కనిపించినా, దీని అవతల ఒక కుటుంబం బతుకు ఉంది.

'రిజిస్ట్రేషన్ కాకపోతేనేం, స్టాంపు పేపర్ మీద అగ్రిమెంట్ రాసుకుందాం', '99 ఏళ్ల లీజు తీసుకోండి', 'తెలిసిన గిరిజనుడి పేరు మీద పెడదాం' అని చెప్పేవారు ఉంటారు. ఈ నిబంధనల కింద లీజు కూడా బదిలీయే. బినామీ పేరు మీద కొన్నా అంతే. కరెంటు మీటరు, ఇంటి పన్ను రసీదు ఉన్నంత మాత్రాన హక్కు రాదు. కేసు నిరూపణ అయితే మిమ్మల్ని ఖాళీ చేయించి, భూమిని అసలు హక్కుదారుకో వారి వారసులకో అప్పగిస్తారు. మీరు కట్టిన షాపు మిమ్మల్ని కాపాడదు.

ఇంకో చిక్కు ఉంది. పార్వతీపురం ఐటీడీఏ పరిధిలో షెడ్యూల్డ్ గ్రామాలతో పాటు సబ్‌ప్లాన్ గ్రామాలూ ఉన్నాయి. సబ్‌ప్లాన్ గ్రామమైనంత మాత్రాన వన్ ఆఫ్ సెవెంటీ వర్తించదు. కాబట్టి బ్రోకర్ 'ఇది సబ్‌ప్లాన్ అండీ, ఇబ్బంది లేదు' అంటే అది నిజమూ కావచ్చు, అబద్ధమూ కావచ్చు. రెవెన్యూ గ్రామం పేరు, సర్వే నంబరు రాయించుకుని, అది షెడ్యూల్డ్ గ్రామమో కాదో తహసీల్దార్ కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగండి. నోటి మాటకు విలువ లేదు.

గ్రామం షెడ్యూల్డ్ కాదని తేలినా, అది అసైన్డ్ భూమి కాదని చూడాలి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూముల అమ్మకంపై 1977 చట్టం కింద ఆంక్షలున్నాయి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 22-ఏ నిషేధిత జాబితా ఉంటుంది, సర్వే నంబరు కొట్టి చూడండి. అదే చోట ఈసీ తీయండి. మీభూమి పోర్టల్‌లో అడంగల్, 1బీ చూసి, అమ్మేవారి పేరు వాటిలో ఉందో లేదో సరిపోల్చండి. ఇదంతా ఫోన్‌లోనే అయ్యే పని. పాత లింకు డాక్యుమెంట్లు మాత్రం లాయర్‌కు చూపించాల్సిందే.

లేఅవుట్‌లోనా, లేఅవుట్ పక్కనా?

ఆ ఒక్క పదంలోనే తేడా అంతా ఉంది. లేఅవుట్‌లోని ప్లాటు అయితే మంజూరైన ప్లాన్ ఉంటుంది. విస్తీర్ణం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది కంటే ఎక్కువ ప్లాట్లున్నా రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అప్పుడు రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోవడానికి వీల్లేదు. ప్లాన్ తెప్పించుకుని మీకు చూపిస్తున్న బిట్ దాని మీద ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. పార్కు కోసమో, ఉమ్మడి అవసరాల కోసమో వదిలిన స్థలమే 'కమర్షియల్'గా మీ ముందుకు వచ్చే ప్రమాదం ఉంది. ఖాళీ స్థలాలు, రోడ్లు స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేయాలి. వాటిని అమ్మే హక్కు డెవలపర్‌కు ఉండదు.

పక్కనున్న స్థలమైతే ఆ కాలనీకి ఉన్న అనుమతులేవీ దీనికి పనికిరావు. బ్రోచర్‌లోని రెరా నంబరు కాలనీది, మీ స్థలానిది కాదు. జోన్ ఏమిటో మున్సిపాలిటీ నుంచో బొబ్బిలి పట్టణాభివృద్ధి సంస్థ (బుడా) నుంచో రాతపూర్వకంగా తీసుకోండి. పంచాయతీ తీర్మానం లేఅవుట్ అనుమతితో సమానం కాదు. దారి సంగతి మరీ ముఖ్యం. కొన్ని లేఅవుట్లలో కాలనీ రోడ్డుకూ పక్క పొలానికీ మధ్య అడుగో రెండడుగులో సన్నటి పట్టీ డెవలపర్ పేరు మీదే మిగిలిపోతుంది. చూడ్డానికి రోడ్డు పక్కనే ఉంటారు, కాగితం మీద దారి ఉండదు. సర్వేయర్‌ను తీసుకెళ్లి కొలిపించండి.

హైవే, ఎక్స్‌ప్రెస్‌వే పేరు చెబితే

రాయపూర్–విశాఖ ఆరు వరుసల ఎక్స్‌ప్రెస్‌వే ఈ ప్రాంతం మీదుగానే వస్తోంది. ప్రకటనల్లో దాని పేరు లేకుండా ఉండదు. అయితే అది యాక్సెస్ కంట్రోల్డ్ రోడ్డు. నిర్ణీత ఇంటర్‌ఛేంజ్‌ల దగ్గర తప్ప ఎక్కలేరు, దిగలేరు. దాని కంచె పక్కన షాపు పెడితే గిరాకీ రాదు, వాహనాల చప్పుడు మాత్రం వస్తుంది. ఇంటర్‌ఛేంజ్ నుంచి మీ స్థలానికి ఎన్ని కిలోమీటర్లో అడగండి.

పాత హైవే మీదా షరతులున్నాయి. పట్టణం వెలుపల జాతీయ రహదారి మధ్య నుంచి 40 మీటర్ల వరకు కట్టడాలు రాకూడదన్నది కేంద్ర రహదారుల శాఖ నియమం. 75 మీటర్ల వరకు నియంత్రణ ఉంటుంది. 40 మీటర్లంటే సుమారు 131 అడుగులు. హైవే ఫేసింగ్ అని కొన్న బిట్‌లో సగం ఇందులోనే పోవచ్చు. హైవే నుంచి లోపలికి దారి తెరవడానికీ వేరే అనుమతి కావాలి. సాలూరులో ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. లారీ ఆగడానికి చోటు లేని చోట గ్యారేజీ, హోటల్ నడవవు.

పెరుగుతున్న కాలనీ నిజంగా పెరుగుతోందా?

అమ్ముడైన ప్లాట్ల లెక్క కాదు, కాపురాల లెక్క చూడాలి. ప్లాటు కొన్నవారు ఇల్లు కట్టడానికి ఏళ్లు పట్టొచ్చు. రాత్రి ఏడున్నరకు వెళ్లి ఎన్ని ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. పాల ప్యాకెట్లు వేసే కుర్రాడికి డెవలపర్ కంటే బాగా తెలుస్తుంది. ఉన్న కిరాణా కొట్టు అద్దె ఎంతో కనుక్కుని, మీరు పెట్టే పెట్టుబడితో పోల్చుకోండి.

ఖర్చుల్లో రిజిస్ట్రేషన్‌ను మర్చిపోవద్దు. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం. ప్రభుత్వ విలువ, మీరిచ్చే ధర, రెండింట్లో ఏది ఎక్కువైతే దానిపైన కట్టాలి. ధర 50 లక్షలు, అంతకు మించితే 1 శాతం టీడీఎస్ మినహాయించి కట్టాల్సిన బాధ్యత కొనేవారిదే. కట్టకుండా ఖాళీగా ఉంచితే మున్సిపల్ పరిధిలో ఖాళీ స్థలం పన్ను పడుతుంది.

అడ్వాన్స్ ఇవ్వక తప్పకపోతే చెక్కుతోనో ఆన్‌లైన్‌లోనో ఇవ్వండి. అగ్రిమెంట్‌లో సర్వే నంబరు, నాలుగు హద్దులు, దారి వెడల్పు రాయించండి. భూమి షెడ్యూల్డ్ గ్రామంలోనిదనో, నిషేధిత జాబితాలోనిదనో తేలితే డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో కూడా రాయించండి. ఆ వాక్యం రాయడానికి అమ్మేవారు వెనకాడితే అడ్వాన్స్ ఇవ్వకండి.